దేముడి పంటి కింద ఆవిరి

బచేలి టౌన్‌షిప్‌లో గని కార్మికుల కోసం ఒక క్యాంటీను నడిచేది. దాని వెనక రేకుల షెడ్డులో ఒక బాయిలరు. బాయిలరంటే రైలింజన్ని ఊహించుకోవద్దు. నిలబెట్టిన వడ్ల గాదె అంత ఉంటుంది, అంతే. లోపల ఇనప గొట్టం ఒకటి జిలేబీలా ముప్పై చుట్లు తిరిగి ఉంటుంది. ఈ చివర పంపు నీళ్ళు తోస్తుంది, మధ్యలో డీజిలు మంట కాలుస్తుంది, ఆ చివర ఆవిరి బయటికొస్తుంది. ఆ ఆవిరితోనే పొద్దున్న ఆరింటికి ఆరువందల మందికి ఇడ్లీ ఉడకాలి, సాంబారు కాగాలి. ఆ తర్వాతే ఫస్ట్ షిఫ్టు బస్సులు కొండెక్కాలి.

నీళ్ళు ఆవిరయ్యేది ఆ ముప్పై చుట్లలో ఎక్కడో. ఎక్కడ, ఎలా అన్నది కళ్ళతో చూసిన మనిషి లేడు. గొట్టం మీద గడియారాల్లాంటి బిళ్ళలు రెండుంటాయి. ఒకటి వేడి చెబుతుంది, ఒకటి ఒత్తిడి చెబుతుంది. గొట్టం కడుపులో ఏం జరుగుతోందో రెండూ చెప్పవు. అది చెప్పేవాడు దేముడొక్కడే.

ఇప్పుడు దేముడు లేడు. అందుకని ఉన్నప్పటి సంగతి ఉన్నట్టు చెప్పుకోవచ్చు, విని నొచ్చుకుంటాడన్న బెంగ లేదు. ఉన్నా విని నొచ్చుకునేవాడు కాదనుకోండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె. రెండు నెలలు పనిచేసి వచ్చేస్తానని విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరెక్కి, ముప్పై ఒక్క ఏళ్ళు ఉండిపోయాడు. రాళ్ళు మోశాడు, లారీలు కడిగాడు, చివరికి క్యాంటీను బాయిలరు దగ్గర కుదురుకున్నాడు. బాయిలరు నడపడానికి సర్టిఫికెట్టు కావాలి. రెండుసార్లు తప్పి మూడోసారి తెచ్చుకున్నాడు. భార్య బుల్లమ్మ దానికి అద్దం కట్టించి గోడకి తగిలించింది, పెళ్ళి ఫోటో కంటే రెండంగుళాలు పైన. "ఆ ఫోటోలో ఇద్దరం ఉన్నాం, ఇది ఈయనొక్కడే కష్టపడి తెచ్చుకున్నాడు" అనేది, ఎవరైనా అడిగితే.

దేముడి లెక్కలో గొట్టం లోపలి సంగతులు అయిదు. ఏ పుస్తకంలోంచీ తెచ్చుకున్నవి కావు, తనే పేర్లు పెట్టుకున్నాడు. మొదట 'గవ్వలు', అంటే నీళ్ళలో చిన్న చిన్న బుడగలు దొర్లుకుంటూ పోవడం. తర్వాత 'ముద్దలు', అంటే ఒక ముద్ద నీళ్ళు, దాని వెనక ఒక ముద్ద ఆవిరి, మళ్ళీ నీళ్ళు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఆ తర్వాత 'గోడంట': నీళ్ళు పల్చగా గొట్టం గోడలకి అంటుకుని పాకుతాయి, మధ్య సందులోంచి ఆవిరి పరిగెడుతుంది. బాయిలరుకి ఇదే మంచి కాలం. అది దాటితే 'తుంపర', గోడలు ఆరిపోతూ చినుకులు మాత్రం ఎగురుతుంటాయి. ఆఖరిది 'మాడు'. లోపల తడి ఉండదు, గొట్టం ఎర్రగా కాలుతుంది, పగిలితే షెడ్డు రేకులు కొండ మీద వెతుక్కోవాలి. తన పాతికేళ్ళలో మాడు రానివ్వలేదని దేముడు చెప్పుకునేవాడు. ముద్దలు మాత్రం వస్తుండేవి. ముద్దలొచ్చాయంటే నీళ్ళు ఆవిరితో పాటు ఇడ్లీ పెట్టెలోకి ఉమ్ముకుంటూ పోయి పడతాయి. ఇడ్లీ జావవుతుంది.

ఇవన్నీ ఎలా పసిగడతాడంటే, ఆయన దగ్గర మూరెడు టేకు పుల్ల ఒకటుండేది. బాయిలరు పక్కన గొట్టం వంపు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పుల్ల ఒక కొస దాని మీద ఆనించి, రెండో కొస ఎడమవైపు దవడ పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, ఇడ్లీ పెట్టెల దగ్గరున్న హిడ్మేకి వేళ్ళతో చూపించేవాడు. రెండు వేళ్ళంటే ముద్దలు, పెట్టె వాల్వు మూసెయ్. మూడు వేళ్ళంటే గోడంట, తెరువు. క్యాంటీనంతా ఆయన పళ్ళు తోముకుంటున్నాడనే అనుకునేది. "డ్యూటీ టైములో బ్రష్షేంటి బాబాయ్" అని మేనేజరు వికాస్ రెండు మూడుసార్లు అడిగి ఊరుకున్నాడు.

అసలు సంగతేమిటంటే దేముడికి చెవుడు. చిన్నప్పుడు రెండు చెవుల్లోనూ చీము పట్టింది. వాళ్ళమ్మ వెల్లుల్లి నూనె పోసింది, పక్కింటావిడ ఇంకేదో పోసింది. నలభై దాటేసరికి రెండూ పూర్తిగా మూసుకుపోయాయి. ఈ సంగతి తెలిసింది బుల్లమ్మకి మాత్రమే. బాయిలరు మనిషికి చెవులు పనిచేయాలి. ఒత్తిడి మితిమీరితే కూత వస్తుంది, అది వినాలి. చెవుడని తేలితే సర్టిఫికెట్టు పోతుంది, ఇంకో పనేదో చూపిస్తారు. ఆ ఇంకో పని దేముడికి అక్కర్లేదు. ఆయనకి ప్రపంచంలో అర్థమైన వస్తువు ఆ గొట్టమొక్కటే.

కాబట్టి దాచాడు. షెడ్డులో స్టూలు గోడకి ఆనించి వేసుకున్నాడు, వెనకనుంచి ఎవరూ మాట్లాడకుండా. ఎదురొచ్చినవాడు నోరు విప్పకముందే తనే మాట్లాడేసేవాడు. తప్పనిసరై జవాబు చెప్పాల్సొస్తే "అదే గదా" అనేవాడు. పదిహేనేళ్ళుగా ఆ రెండు మాటలతో ఇద్దరు మేనేజర్లనీ, నలుగురు సూపర్‌వైజర్లనీ దాటేశాడు. పైగా ఎవరితోనూ గొడవపడని మనిషని పేరొచ్చింది. ఏటా జరిగే మెడికల్‌లో డాక్టరు ఎదురుగా కూర్చుని "బావున్నావా" అనేవాడు. పెదాలు చూసి "అదే గదా" అనేవాడు. ఇంట్లో బుల్లమ్మ పిలవాలంటే చింతగింజ విసిరేది. గురి బాగా కుదిరింది ఆవిడకి.

ఇలా ఉండగా ఊర్మిల వచ్చింది.

ఊర్మిలది మద్దేడ్ అనే ఊరు. రాయ్‌పూర్‌లో ఇంజనీరింగు కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. ఇలాంటి చుట్టల బాయిలర్లలో నీళ్ళూ ఆవిరీ ఏ తీరున పోతాయో ముందే చెప్పే యంత్రం కట్టడం ఆ అమ్మాయి పని. ఒక లాప్‌టాప్, ఒక మైకు, బోలెడు వైర్లు తెచ్చింది. బాయిలరు చివర జానెడు పొడుగున్న మందపాటి గాజు గొట్టం బిగించింది, బయటికొచ్చేది కంటికి కనపడడానికి. అది నెల రోజులే ఉంచాలి, తర్వాత తీసెయ్యాలి. ఆలోగా యంత్రం నేర్చుకోవాలి.

మొదటిరోజు దేముడు పుల్ల కరిచి రెండు వేళ్ళు చూపించాడు. ఊర్మిల గాజు వైపు చూసింది. అందులో అంతా సవ్యంగానే ఉంది. నవ్వబోయింది. ఇరవై లెక్కపెట్టేలోగా గాజులోంచి నీటి ముద్దలు ధడధడమని దూకాయి.

"కాకా, నీకెట్ల తెలిసింది?"

దేముడు ఆమె పెదాలు చూశాడు. "తెలుస్తాదమ్మా. గొట్టం సెప్తాది."

"మల్లొకసారి చెప్పు. ఇప్పుడేంది?"

"గోడంట."

గాజులో గోడంట వచ్చింది. ఆ పూటే యాభైసార్లు అడిగింది. నలభై ఎనిమిది సరిపోయాయి. తప్పిన రెండింటిలో ఒకసారి దేముడు తుమ్మాడు.

ఊర్మిల ఆనందానికి అంతులేదు. దేముడు చెబుతుంటే లాప్‌టాప్‌లో నొక్కుతూ, తొమ్మిది రోజులు కూర్చుంది. మైకుని షెడ్డు దూలానికి వేలాడదీసింది. దేముడి చెవి ఏం వింటుందో మైకూ అదే వింటుంది, వింటూ నేర్చుకుంటుంది అని ఆమె ఆలోచన. "కాకావి బంగారు చెవులు సార్" అని వికాస్‌తో చెప్పింది. వికాస్ ఊరుకునే రకం కాదు. బచేలిలోనే పుట్టి పెరిగినవాడు, అమ్మానాన్నలది రాజాం, నోట్లో తెలుగెంతో హిందీ అంత. మర్నాటికల్లా క్యాంటీను గోడ మీద బ్యానరు కట్టించాడు. దేముడి ఫోటో, దాని పక్కన తామరాకంత చెవి బొమ్మ.

"బాబాయ్, ఫేమస్ అయిపోయావ్. టెన్షన్ మత్ లో."

"అదే గదా" అన్నాడు దేముడు. ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

బుల్లమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఏటైనాది?"

"సెవులు బాగున్నాయని ఊరంతా సెప్పేస్తన్నారే."

"మంచిదే గదా."

"మంచిదా? ఇంకెవుడైనా సెవిటోడనీసి దొరికిపోతే సెవిటోడు. నాను దొరికితే మోసగాడు."

బుల్లమ్మ ఆలోచించి, బ్యానరు మీద చెవి బొమ్మ మరీ పెద్దదిగా వేశారనీ, దిష్టి తగులుతుందనీ అంది. ఆ సాయంత్రమే వెళ్ళి దానికి నల్ల చుక్క పెట్టి వచ్చింది.

తర్వాతి వారం యంత్రానికి పరీక్ష. లాప్‌టాప్‌కి ఒక బల్బు తగిలించారు. పచ్చగా వెలిగితే గోడంట, ఎర్రగా వెలిగితే ముద్దలు రాబోతున్నాయని అర్థం. దేముడు వేళ్ళు చూపించకూడదు, హిడ్మే బల్బు చూసే వాల్వు తిప్పాలి. నాలుగు రోజులు అద్భుతంగా నడిచింది. ముద్దలొచ్చే ముందు ఎర్రబల్బు టంచనుగా వెలిగేది. దేముడు పుల్ల కరిచి చూసుకునేవాడు, సరిపోయేది. కాస్త చిన్నబుచ్చుకున్నా, పిల్ల గట్టిదే అనుకున్నాడు.

అయిదోరోజు క్యాంటీనుకి కొబ్బరికాయలు రాలేదు. ఘాటులో కొండచరియ పడి విశాఖపట్నం బండి ఆగిపోయింది. చట్నీ లేదు, ఉన్న ఊరగాయే అన్నారు. మిగతా పనంతా రోజూలాగే మొదలైంది. పచ్చబల్బు వెలుగుతోంది. దేముడి పంటి కింద మాత్రం ముద్దలు కదిలాయి. చెయ్యెత్తబోయి, వద్దన్నారు కదా అని దించేశాడు. బల్బు పచ్చగానే ఉంది. హిడ్మే పెట్టె తలుపు తెరిచింది. లోపల్నుంచి సలసల కాగే నీళ్ళు ఉమ్మినట్టు ఎగిరి ఆమె మోచేతి మీద పడ్డాయి.

ఆ పూట ఫస్ట్ షిఫ్టు వాళ్ళు ఇడ్లీని గ్లాసుల్లో తాగారు.

హిడ్మే చేతికి బొబ్బ వచ్చింది, పెద్దదేం కాదు. మధ్యాహ్నం ఆమె దేముడి ఎదుటికొచ్చి నిలబడింది. ఉసూరు వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, తొమ్మిదేళ్ళుగా ఇడ్లీ పెట్టెల దగ్గరే పని.

"దాదా, బాయిలరు వాల్వు కట్టెయ్యమని నిన్ను మూడుసార్లు పిలిచిన. నువ్వు అటే తిరిగి కూసున్నవు."

దేముడు ఆమె మోచేతి మీద బొబ్బ చూశాడు. "అదే గదా" అని మాత్రం అనలేదు. ఆ మాట ఆ రోజు నోట్లోంచి రాలేదు.

వికాస్ మాత్రం దిగులుపడలేదు. యంత్రానికి బాబాయ్ చెవి పూర్తిగా పట్టుబడలేదు, అంతే అన్నాడు. హాస్పిటల్లో చెవుల పరీక్ష చేయిద్దాం, బాబాయ్ ఏ చప్పుడు ఎంతవరకు వింటాడో కాగితం మీద వస్తుంది, దాన్నిబట్టి మైకుని సరిచేసుకోవచ్చు అన్నాడు. ఊర్మిలకీ సబబుగానే తోచింది. సోమవారానికి పేరు రాయించారు.

దేముడు మంచం మీద కూర్చుని జ్వరం తెచ్చుకోవడం ఎలా అని ఆలోచించాడు. బుల్లమ్మకి అంతకంటే మంచి ఉపాయం తట్టింది. పరీక్ష గదికి అద్దం తలుపు ఉంటుందట. తను బయట నిలబడి, చప్పుడు వచ్చినప్పుడల్లా ముక్కు గోక్కుంటుంది.

"సప్పుడు నీకినపడాల గదే."

"ఓహో" అంది బుల్లమ్మ.

ఆదివారం బస్సులుండవు, బాయిలరు మండించరు. అయినా దేముడు షెడ్డుకి వెళ్ళి కూర్చున్నాడు. ఊర్మిల లాప్‌టాప్ ముందు తల పట్టుకుని ఉంది. కొబ్బరికాయలు శనివారం వచ్చాయి. పక్క వంటింట్లో హిడ్మే సోమవారానికి మసాలా రుబ్బడానికి గ్రైండరు వేసింది. దేముడు చూస్తుండగా రెండు సంగతులు జరిగాయి. ఊర్మిల కళ్ళు గట్టిగా మూసి, చేతులతో రెండు చెవులూ మూసుకుంది. బల్బు ఎర్రగా వెలిగింది.

బాయిలరు చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూశాడు. లోపల ముద్దలు కాదు కదా, చుక్క వేడి లేదు. ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. గ్రైండరు ఆగింది, ఊర్మిల చేతులు దించింది, బల్బు ఆరిపోయింది.

దేముడు పరుగులాంటి నడకతో ఇంటికెళ్ళాడు.

"ఏటే, క్యాంటీను గ్రైండరు సప్పుడు సేస్తాదా?"

బుల్లమ్మ ఆయన్ని వింతగా చూసింది. "సేస్తాదా ఏటి? వీధి సివర్న మనింటికి ఇనపడతాది. సెవులు సిల్లులు పడిపోతాయి."

పాతికేళ్ళుగా ఆ గ్రైండరు పక్కన కూర్చున్నవాడికి అది చప్పుడు చేస్తుందని ఆ రోజే తెలిసింది. మిగతాదంతా అరుగు మీద కూర్చుంటే దానంతటదే విడివడింది. హిడ్మేకి ఒక అలవాటు ఉంది. సాంబారు గంగాళం వాల్వు ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో చట్నీ గ్రైండరు స్విచ్చి వేస్తుంది, రోజూ. గంగాళం ఒక్కసారిగా ఆవిరి లాగేస్తుంది, గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, ముద్దలొస్తాయి. దూలానికి వేలాడిన మైకు పాపం గొట్టాన్ని వినలేదు. గ్రైండరుని వింది. గ్రైండరు తిరిగితే ముద్దలొస్తాయని శ్రద్ధగా నేర్చుకుంది. కొబ్బరికాయ లేని రోజు యంత్రానికి బుర్ర లేనట్టే.

ఊర్మిలకి ఇది తట్టదు. అంత గోలలో కాకా వింటున్నాడు కాబట్టి, వినొచ్చనే ఆ పిల్ల నమ్మకం. చెప్పాలంటే ఒక్కటే చెప్పాలి: నేను వినడం లేదు. అది చెప్పకుండా పని జరిగే దారి ఏదైనా ఉందా అని దేముడు చూశాడు. సాయంత్రం షెడ్డుకి తిరిగొచ్చి, మైకు ఆగ్నేయ మూల వేలాడదీయడం వాస్తుకి మంచిది కాదనీ, గొట్టానికి కడితే శుభమనీ చెప్పాడు.

"మైకుకి వాస్తేంది కాకా" అంది ఊర్మిల.

ఆమె టీ తాగడానికి వెళ్ళిన సమయంలో, బాయిలరు ఒకసారి వేడి చేసి చూస్తానని మండించి, మైకుని తనే దించి తీగతో గొట్టం వంపుకి గట్టిగా కట్టేశాడు. మంచి పని చేశానని చేతులు దులుపుకున్నాడు. మూడు నిమిషాల్లో మైకు మెత్తబడి, సాగి, బెల్లప్పాకంలా గొట్టం మీదుగా కిందికి జారింది.

ఊర్మిల వచ్చి చూసింది. ఏడవలేదు. స్టూలు మీద కూర్చుని ఆ పాకాన్ని చూస్తూ ఉండిపోయింది.

"ఎవలు చేసిర్రు కాకా ఇది?"

దేముడు ఆ పెదాలు చదివాడు. హిడ్మే మోచేతి మీద బొబ్బ గుర్తొచ్చింది. రేపటినుంచి ఇంకో మైకు తెచ్చి మళ్ళీ దూలానికే కడతారు, నెల తిరిగితే గాజు తీసేస్తారు, ఆ తర్వాత ఈ గ్రైండరు యంత్రాన్ని నమ్ముకుని హిడ్మే తలుపు తెరుస్తుంది. ఏదో ఒకరోజు ముద్దలు కాక మాడు వస్తుంది. పుల్ల తీసి, కొస పంచెతో తుడిచి ఊర్మిలకి ఇచ్చాడు.

"కొరుకు."

"ఏంది?"

"కొరకమంటన్నాను. దవడ పల్లుతో. సెవులు మూసుకో."

హిడ్మేని పిలిచి గ్రైండరు వెయ్యమని సైగ చేశాడు. ఊర్మిల పుల్ల కొరికింది, రెండో కొస గొట్టానికి ఆనించి చెవులు మూసుకుంది. మొదట ముఖం చిట్లించింది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. పుర్రె లోపలే ఎవరో కుండలు దొర్లిస్తున్నట్టు, తోసుకుంటున్నట్టు, ఆగి మళ్ళీ ఉరికినట్టు, గ్రైండరు గోల ఎక్కడో ఊరవతల పెట్టి, గొట్టం కడుపంతా ఆమె దవడలోకి దిగింది. పుల్ల నోట్లో ఉండగానే ఆమె ఏదో గబగబా అడిగింది.

"పుల్ల తీసి మాటాడమ్మా. నోరు కనపడాల" అన్నాడు దేముడు.

ఆమె తీసింది. ఆ మాటకి అర్థం లోపలికి దిగుతోంది.

"కాకా, మరి నీ చెవులు?"

"నేవు. ఇనపడదు."

"ఎప్పటిసంది?"

"పదేనేళ్ళు."

ఊర్మిల నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక బ్యానరు ఉన్న గోడ వైపు చూసింది. తామరాకంత చెవి, దాని మీద బుల్లమ్మ పెట్టిన చుక్క. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వాగాక ఆమె ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కనపడేలా చెప్పింది.

"నేనెవలకీ చెప్ప. వేడికి తట్టుకునే, చప్పుడు పట్టే బిళ్ళ ఒకటి తెప్పించి గొట్టానికే కడత. ఎందుకంటే ఇంకేదో రాసుకుంట. రేపు నువ్వు జొరమని పండుకో."

దేముడు చాలాసేపు ఆలోచించాడు. వచ్చిన అవకాశం చిన్నది కాదు. సర్టిఫికెట్టు గోడ మీదే ఉంటుంది, ఎవరికీ తెలియదు, మూడేళ్ళు గడిస్తే రిటైరు.

"ఇడ్మే మూడుపాలీలు పిలిసినాదట" అన్నాడు చివరికి. "రేపొస్తాను."

సోమవారం హాస్పిటల్లో చెవుల గది ముందు వికాస్ ఫోనుతో వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. నర్సు దుర్గ దేముడి తలకి చెవి బుట్టలు తొడిగి, చేతికి మీట ఇచ్చింది. చప్పుడు వినపడితే నొక్కమని ఎదురుగా నిలబడి చెప్పి, తన మర దగ్గరికి వెళ్ళి కూర్చుంది. దేముడు బుద్ధిగా కూర్చున్నాడు. దుర్గ చప్పుడు పెంచే గుండీ తిప్పింది. ఇంకా తిప్పింది. చివరికంటా తిప్పింది. అద్దం తలుపు బయట వికాస్‌కి కూడా కుయ్యిమని వినపడసాగింది. వరండాలో కుక్క లేచి వెళ్ళిపోయింది. బుల్లమ్మ ఎందుకైనా మంచిదని ముక్కు గోక్కుంది.

దేముడు ఆమె వైపు చూడనేలేదు. చెవి బుట్టలు తీసి దుర్గతో అన్నాడు. "నాకినపడదమ్మా. రెండూ పనిసెయ్యవు. రాసుకో."

వికాస్ ఫోను దించాడు. ఆ ముఖం చూడాలి. "బాబాయ్, మరి బ్యానర్?"

డాక్టరమ్మ వచ్చింది. సంగతంతా ఊర్మిల చెప్పింది. డాక్టరమ్మ చెవి వెనక ఎముక మీద ఒక చిన్న బిళ్ళ పెట్టించి మళ్ళీ పరీక్ష చేయించింది. ఈసారి దేముడి వేలు మీట మీదనుంచి లేవలేదు. దుర్గ ఎంత తగ్గించినా నొక్కుతున్నాడు. చివరికి దుర్గే తనకి వినపడ్డం లేదని ఆపేసింది.

"ఈయన చెవులు గోదాము తలుపుల్లా మూసుకుపోయాయి" అంది డాక్టరమ్మ, కాగితం చూస్తూ. "లోపల సరుకు మాత్రం కుర్రాళ్ళకి లేనంత బాగుంది. అయినా ఈయన్ని ఒక్కణ్ణే బాయిలరు దగ్గర ఉంచడానికి నేను సంతకం పెట్టలేను. కూత వినాలి కదా."

"మేడమ్, ఈ పదిహేనేళ్ళలో ఆ కూత ఒక్కసారీ రాలేదు" అన్నాడు వికాస్. తనే అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "రానిచ్చేవాడు కాదు. రిజిస్టర్ దేఖ్ లీజియే."

"రాకపోతే మంచిదే. వస్తే?"

దేముడు ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూస్తున్నాడు. బాయిలరు పోయిందని అర్థమైంది. వింతగా, పోయిందనుకున్నాక భయం కూడా పోయింది. హిడ్మేకి చెప్పి రావాలి, ఇడ్లీ పెట్టె వాల్వు గంగాళం తెరవడానికి కాస్త ముందే మూసెయ్యమని, అని మనసులో అనుకుంటున్నాడు. ఆ మాట పైకే అనేశాడని ఆయనకి తెలియదు.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "హిడ్మే ఎవరు?"

"మా ఇడ్లీ సెక్షన్" అన్నాడు వికాస్.

"ఆమె చెవులు?"

"మేడమ్, ఆమె చెవుల్లో పడితే టౌన్‌షిప్ అంతటికీ తెలిసిపోతుంది."

"అయితే 'ఒక్కణ్ణే ఉంచకూడదు' అనే రాస్తున్నా. ఇద్దర్ని ఉంచుకోమను."

వారం రోజుల తర్వాత హిందీలో ఒక ఆర్డరు వచ్చింది. హిడ్మే ఇకనుంచి బాయిలరు దగ్గర 'శ్రవణ సహాయకురాలు', ఆర్నెల్లలో బాయిలరు పరీక్షకి కూర్చోవాలి. ఇడ్లీ పెట్టెలకి సీత అనే ఆమెని వేశారు. కొత్త చప్పుడు బిళ్ళ గొట్టానికి కట్టారు. ఊర్మిల యంత్రానికి మళ్ళీ మొదట్నుంచి గవ్వలు, ముద్దలు నేర్పిస్తోంది, ఈసారి కొబ్బరికాయలతో పని లేకుండా. బ్యానరు మాత్రం వికాస్ తీయించలేదు. చెవి బొమ్మ మీద దవడ బొమ్మ అంటించాడు. అది అతుక్కోక గాలికి రెపరెపలాడేది.

కొత్త డ్యూటీ మొదటిరోజు హిడ్మే దేముడి పక్కన నిలబడి, మాటమాటకీ భుజం తట్టి ముందుకొచ్చి చెప్పింది.

"గ్రైండరు పెట్టిర్రు దాదా."

"సరే."

"సీత పాట పాడుతుంది."

"బాగా పాడతాదా?"

"లేదు."

దేముడు పుల్ల కరిచి కళ్ళు మూసుకున్నాడు. లోపల ముద్దలు సద్దుకుని గోడంట పడుతోంది, ఇంకా పూర్తిగా పడలేదు. హిడ్మే మళ్ళీ తట్టింది.

"వికాస్ సారు నిన్ను పిలుస్తుండు. చానాసేపట్నించి పిలుస్తుండు."

ఒకప్పుడైతే దేముడు ఉలిక్కిపడి లేచి, చేతులు తుడుచుకుని, ఏమడిగాడో తెలియకపోయినా తలూపుకుంటూ పరిగెత్తేవాడు. ఇప్పుడు పుల్ల తియ్యకుండానే పళ్ళ సందునుంచి అన్నాడు.

"నాకు ఇనపడలేదని సెప్పు."